పల్స్ 44 అని రాసి ఉంది, ఎవరూ చదవలేదు: తెలుగు రాష్ట్రాల వైద్యులకు, వైద్య ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్యులకు, వైద్య ఆరోగ్య శాఖల అధికారులకు, మెడికల్ కౌన్సిళ్లకు, ఇంటర్మీడియట్ బోర్డులకు నమస్కారం.

నేను గుంటూరు జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్ని. మా అమ్మాయికి ఇప్పుడు 18 ఏళ్లు. పదహారో ఏట తనకు తిండికి సంబంధించిన మానసిక జబ్బు వచ్చింది. ఈటింగ్ డిజార్డర్ అంటారు. అందులో తనకు వచ్చినదాని పేరు అనొరెక్సియా నెర్వోసా, తిండంటే భయపడి తినడం తగ్గించేసుకునే జబ్బు. ఆ పేరు మా చెవిన పడటానికి 11 నెలలు పట్టింది, ఆరుగురు డాక్టర్లు మారారు.

జరిగినదంతా రాసి గత ఏడాది సంబంధిత కార్యాలయాలకు మూడు లేఖలు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఒకదానికి అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు వచ్చింది. జవాబు మాత్రం దేనికీ రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. ఏ ఆసుపత్రి పేరూ, ఏ డాక్టరు పేరూ ఇందులో ఉండదు. వాళ్లంతా మమ్మల్ని మర్యాదగానే చూశారు, ఎవరి పరిధిలో వాళ్లు కష్టపడ్డారు కూడా. అయినా పిల్ల చావు దాకా వెళ్లింది. నన్ను భయపెడుతున్నది అదే.

అమ్మాయి అనుమతితోనే రాస్తున్నాను. మొదటి ప్రతి చదివి తను రెండు చోట్ల కొట్టేసింది. బరువు ఎంతకు పడిపోయిందో చెప్పే అంకె ఒకటి, తినకుండా ఎలా తప్పించుకునేదో చెప్పే వివరాలు రెండోది. "ఇప్పుడు ఆ జబ్బుతో ఉన్నవాళ్లు చదివితే దాన్ని పోటీగా తీసుకుంటారమ్మా" అంది. కాబట్టి అవి రాయడం లేదు. మిగతాదంతా రాస్తున్నాను.

జరిగింది ఇదీ

ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీలో చేర్పించాం, హాస్టల్లోనే ఉండేది. జూన్‌లో నెలసరి సరిగ్గా రావడం లేదని గైనకాలజిస్టుకు చూపిస్తే స్కాన్ తీసి పీసీఓడీ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య) అన్నారు. "ఐదారు కిలోలు తగ్గమ్మా, అన్నీ అవే సర్దుకుంటాయి" అని పంపించారు. సలహాలో తప్పు లేదు. కానీ ఎలా తగ్గాలో చెప్పలేదు, ఎక్కడ ఆపాలో చెప్పలేదు, మళ్లీ ఎప్పుడు వచ్చి బరువు చూపించుకోవాలో చెప్పలేదు. మా అమ్మాయి ఏదైనా పట్టిందంటే వదలదు. చెప్పింది చేసింది, చేశాక ఆపలేకపోయింది.

దసరా సెలవులకు ఇంటికొస్తే అందరూ మెచ్చుకున్నారు. "సన్నజాజి తీగలా అయ్యావే" అంది మా ఆడపడుచు. నేనూ సంతోషించాను, దాచుకోవడమెందుకు. సంక్రాంతికి వచ్చినప్పుడు అరిసె ముట్టలేదు. శనివారం ఒక్కపొద్దు అంది. కొన్నాళ్లకు సోమవారం కూడా అంది. భక్తి పెరిగిందనుకున్నాం. రాత్రి పన్నెండు దాటినా ఫోన్లో వంటల వీడియోలు చూస్తూ ఉండేది. మా కోసం రోజుకో కొత్త కూర వండి, పక్కన నిలబడి మేం తినడం చూసేది. తను మాత్రం తినేది కాదు. ఏప్రిల్‌లో, గుంటూరు ఎండల్లో, స్వెట్టర్ వేసుకుని కూర్చునేది. తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు వచ్చేది. వీపు మీద మాత్రం పసిపిల్లలకు ఉండే నూగులాంటిది మొలిచింది.

జుట్టుకని చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్తే బయోటిన్ రాశారు. రెండు ముద్దలకే కడుపు ఉబ్బరం అంటోందని గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఎండోస్కోపీ నార్మల్, గ్యాస్ మాత్రలు ఇచ్చారు. హార్మోన్ల డాక్టరు టీ3 అనే థైరాయిడ్ హార్మోన్ తక్కువ ఉందని థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టారు. నెలసరి పూర్తిగా ఆగిపోతే మళ్లీ మొదటి డాక్టరమ్మ దగ్గరికే వెళ్లాం. మాత్రలిచ్చి తెప్పించారు. "వచ్చిందిగా, ఇక టెన్షన్ పడకండి" అన్నారు. మధ్యలో మా అమ్మ దిష్టి తీసింది, దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది.

మే నెలలో బాత్రూమ్‌లో కళ్లు తిరిగి పడిపోయింది. దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లో రెండు రోజులు గ్లూకోజ్ సెలైన్ ఎక్కించి, వీక్‌నెస్ అంతే అని ఇంటికి పంపారు. మూడో రోజు పాదాలు వాచాయి, ఆయాసం మొదలైంది. ఆ రాత్రే ఒక ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లాం.

అక్కడ డ్యూటీలో ఉన్నది ఒక హౌస్ సర్జన్. మా అమ్మాయి కంటే ఏడెనిమిదేళ్లు పెద్దదేమో. మా ఫైలు తీసుకుని మొదటి కాగితం నుంచి చదవడం మొదలుపెట్టింది. నర్సింగ్ హోమ్ చార్టు దగ్గర ఆగి, "ఇక్కడ పల్స్ 44 అని రెండుసార్లు రాసి ఉంది, ఎవరూ ఏమీ అనలేదా అమ్మా?" అని అడిగింది. అనలేదన్నాను. తను మంచం అంచున కూర్చుని, గోడ గడియారం చూస్తూ, నిమిషం పాటు చెయ్యి పట్టుకుని లెక్కపెట్టింది. తర్వాత నన్ను కర్టెన్ బయట నిలబడమంది. లోపల గొంతు తగ్గించి, "తినాలంటే భయమేస్తోందా చెల్లీ?" అంది.

11 నెలల్లో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి తనే. నేను కూడా అడగలేదు. కర్టెన్ ఇవతల నుంచి మా అమ్మాయి ఏడుపు విన్నాను.

ఆ రాత్రే ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం పరీక్షలు పంపించారు. ఫాస్ఫరస్ బాగా పడిపోయి ఉంది. ఇంకో రోజు ఆలస్యమై ఉంటే గుండె ఏమయ్యేదో పెద్ద డాక్టరుగారు మాకు తర్వాత నెమ్మదిగా చెప్పారు.

మీ ముందు పెడుతున్న విషయాలు

ఈ రెండేళ్లలో నేను చదివింది, మమ్మల్ని చూసిన డాక్టర్లను అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను. మీకు తెలియనివని కాదు. తెలిసినా ఓపీలో గుర్తుకు రావడం లేదని.

1. ఇది పాత జబ్బు. 1873లోనే లండన్‌లో విలియం గల్, పారిస్‌లో లసేగ్ అనే వైద్యులు దీని గురించి వివరంగా చెప్పారు. తిని కక్కేసుకునే బులీమియాను 1979లో జెరాల్డ్ రస్సెల్ వివరించారు. "ఇవి మన దగ్గర ఉండవండీ, ఫారిన్ జబ్బులు" అని ఒక సీనియర్ డాక్టరు నాతో స్వయంగా అన్నారు. 2025 మార్చిలో కేరళలో 18 ఏళ్ల అమ్మాయి బరువు పెరుగుతానన్న భయంతో తిండి మానేసి చనిపోయిన వార్త అన్ని పత్రికల్లోనూ వచ్చింది. కేరళ మనకు ఫారిన్ కాదు.

2. బరువు రాశారు, పోల్చలేదు. మా ఫైల్లో బరువు నాలుగు చోట్ల ఉంది, ఎత్తు ఒక్క చోటే ఉంది. ఐదు నుంచి 18 ఏళ్ల పిల్లల కోసం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో గ్రోత్ చార్టులు ఇచ్చింది. ఆ నాలుగు అంకెలను చార్టు మీద పెడితే గీత ఎలా కూలిపోయిందో మా ఎనిమిదో తరగతి పిల్లలైనా చెప్పగలరు. బొద్దుగా ఉన్న పిల్ల బరువులో మూడో వంతు పోగొట్టుకున్నా చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. గుండెకు జరిగే నష్టం మాత్రం ఎముకల గూడులా ఉన్న పిల్లకు జరిగినంతా జరగొచ్చు. అందుకే కళ్లతో చూసి సన్నమా లావా అని తేల్చేయకండి.

3. రక్త పరీక్షలు నార్మల్‌గా ఉంటే జబ్బు లేనట్టు కాదు. ఈ జబ్బులో చాలాకాలం అన్నీ నార్మల్‌గానే వస్తాయి. ప్రతి నార్మల్ రిపోర్టూ మా అమ్మాయికి ఒక సర్టిఫికెట్ అయింది. "చూశావా, నాకేం లేదు" అని నా ముందు పెట్టేది.

4. ఒక్కో లక్షణానికి ఒక్కో మాత్ర పడింది. తిండి లేక శరీరం ఖర్చు తగ్గించుకుంటుంటే టీ3 తగ్గుతుంది, గుండె నెమ్మదిస్తుంది, నెలసరి ఆగిపోతుంది, చలి వేస్తుంది, కడుపు మెల్లగా ఖాళీ అవుతుంది. ఇవన్నీ ఒకే చెట్టు కొమ్మలు. అప్పుడు థైరాయిడ్ మాత్ర వేస్తే ఉన్న కండ కూడా కరిగిపోతుంది. మాత్రతో తెప్పించిన నెలసరి వల్ల ఎముకలకు రక్షణ రాదు, పైగా మేము నిశ్చింతగా ఉండిపోతాం. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఈ జబ్బుకు ఇచ్చిన కొత్త నిర్వచనంలో నెలసరి ఆగి ఉండాలన్న షరతు తీసేసింది. నెలసరి వస్తోంది కాబట్టి ఈ జబ్బు కాదనడానికి ఇప్పుడు వీల్లేదు.

5. గ్లూకోజ్ సీసా. రోజుల తరబడి కడుపు మాడ్చుకున్న శరీరానికి ఒక్కసారిగా చక్కెర ఎక్కిస్తే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె లయ తప్పుతుంది, ఒళ్లు నీరు పడుతుంది. రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆకలితో మాడి విడుదలైన బందీలు, తిండి దొరికాక చనిపోవడం చూసినప్పటి నుంచి వైద్యానికి ఇది తెలుసు. మన ఊళ్లలో నీరసం అంటే మొదట వేలాడేది గ్లూకోజ్ సీసానే. దాన్ని పెట్టమని బతిమాలేది కూడా మాలాంటి తల్లిదండ్రులే. మీరు ఆగి, ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చి, ఫాస్ఫరస్ చూసి, కొంచెం కొంచెంగా పెంచాలని మాకు చెప్పాలి.

6. "తిండంటే ఇష్టం లేకపోతే ఇన్ని వంటలు ఎందుకు చేస్తుంది?" ఈ మాట ఒక డాక్టరు అన్నారు, నేనూ అనుకున్నాను. 1944, 45ల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న 36 మంది మగవాళ్లకు, వాళ్ల ఇష్టంతోనే, 24 వారాలు అరకొర తిండి పెట్టి చూశారు. వాళ్లు వంటల పుస్తకాలు పోగేశారు, పగలూ రాత్రీ తిండి గురించే మాట్లాడారు, ఎండాకాలంలో చలి అన్నారు, చిన్నదానికీ విసుక్కున్నారు. చదువుతుంటే మా అమ్మాయి స్వెట్టరు, పన్నెండింటి వీడియోలు గుర్తొచ్చి పుస్తకం మూసేశాను. ఆకలి మెదడును అలా మారుస్తుంది. ఆ స్థితిలో ఉన్న పిల్లకు "కాస్త తిను, చదువు మీద దృష్టి పెట్టు" అని కౌన్సెలింగ్ ఇస్తే ఎక్కుతుందా?

7. మన పిల్లలు "లావవుతానని భయం" అని చెప్పకపోవచ్చు. గ్యాస్ అంటారు, ఉబ్బరం అంటారు, ఒక్కపొద్దు అంటారు, నోటికి హితవు లేదంటారు. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మానసిక వైద్యుడు 1990లలోనే తన రోగుల్లో చాలామంది ఇలాగే చెబుతున్నారని రాశారు. పాశ్చాత్య పాఠ్యపుస్తకంలోని మాట కోసం ఎదురుచూస్తే మన పిల్లలు దొరకరు.

8. బరువు తగ్గనివాళ్లు అసలే దొరకరు. బులీమియాలో చాలామందికి బరువు మామూలుగానే ఉంటుంది, పొటాషియం పడిపోవచ్చు. పై పళ్ల లోపలి వైపు అరిగిపోతుంది, చెంపల దగ్గర వాపు వస్తుంది, వేళ్ల కణుపుల మీద కాయలు కాస్తాయి. ముందుగా చూసేది పళ్ల డాక్టరే కావచ్చు. టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలు కొందరు బరువు తగ్గడానికి ఇన్సులిన్ మానేస్తారు. మగపిల్లలకూ వస్తుంది, జిమ్ పేరు చెబితే ఎవరూ అనుమానించరు.

9. మానసిక జబ్బుల్లో మరణాల రేటు ఎక్కువగా ఉన్నవాటిలో అనొరెక్సియా ఒకటి. 2011లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం ఆ మరణాల్లో ఐదింట ఒకటి ఆత్మహత్య. మొండితనం, ఫ్యాషన్, వయసు ప్రభావం అని పక్కన పెట్టేసే ముందు ఈ లెక్క గుర్తుంచుకోండి.

వైద్యం ఉంది. ఎదిగే పిల్లలకు బాగా పనిచేస్తున్నది కుటుంబమే తినిపించే పద్ధతి, 1980లలో లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకుంది. మాకు హైదరాబాద్‌లో ఒక సైకియాట్రిస్టు, ఒక ఫిజీషియన్, ఒక డైటీషియన్ దొరికారు. ముగ్గురూ ఒకరికొకరు ఫోన్ చేసుకునేవారు. మాకు అదే పెద్ద అదృష్టం. ప్రతి శుక్రవారం రాత్రి బస్సు. నేను ఐదు నెలలు జీతం లేని సెలవు పెట్టాను. మా అమ్మ పిల్ల పక్కన కూర్చుని ఒక గిన్నెడు పెరుగన్నం పూర్తి చేయించడానికి మొదటి రోజు గంటా యాభై నిమిషాలు పట్టింది. తిట్టలేదు, బతిమాలలేదు. "నేనిక్కడే ఉంటాను తల్లీ" అని మాత్రం అంటూ ఉంది. అన్నం ఎండిపోతే మళ్లీ కొంచెం పెరుగు కలిపింది. అలా రోజుకు ఆరుసార్లు, నెలల తరబడి. మాకు ఉద్యోగం ఉంది కాబట్టి, ఇంట్లో అమ్మమ్మ ఉంది కాబట్టి కుదిరింది. కూలికి వెళ్లే తల్లి ఏం చేయాలి?

మా డిమాండ్లు

1. బరువు తగ్గిన, నెలసరి ఆగిన, కళ్లు తిరిగి పడిన ప్రతి ఎదిగే పిల్ల విషయంలోనూ, ప్రతి ఎదిగే పిల్లాడి విషయంలోనూ ఇవి తప్పనిసరి చేయండి: నిమిషం పాటు పల్స్, పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ బీపీ, చార్టు మీద ఎత్తు బరువులు, ఒక ఈసీజీ. పగటి పూట మెలకువలో పల్స్ 50 కంటే తక్కువ ఉంటే ఆసుపత్రిలో చేర్చుకోవాలని కౌమార వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. మా అమ్మాయికి 44 ఉంటే ఇంటికి పంపారు.

2. తల్లిదండ్రులను ఐదు నిమిషాలు బయట నిలబెట్టి పిల్లతో ఒంటరిగా మాట్లాడండి. 1999లో బ్రిటన్‌లో తయారైన స్కాఫ్ ప్రశ్నావళిలో ఉన్నవి ఐదే ప్రశ్నలు: కడుపు నిండితే కక్కేసుకుంటున్నావా, తిండి మీద అదుపు పోయిందని దిగులుగా ఉందా, మూడు నెలల్లో ఆరు కిలోలకు పైగా తగ్గావా, అందరూ సన్నగా ఉన్నావంటున్నా లావుగా ఉన్నాననే అనిపిస్తోందా, రోజంతా తిండి ఆలోచనే నడిపిస్తోందా. రెండింటికి అవునంటే లోతుగా చూడాలి. వీటిని మన తెలుగులో, మన పిల్లలు వాడే మాటలతో, నిపుణులతో సరిచూయించి ప్రతి ఓపీకి పంపండి.

3. బరువు తగ్గమని సలహా ఇచ్చే ప్రతి డాక్టరూ ఎంతవరకు, ఎలా, మళ్లీ ఎప్పుడు రావాలి అన్నవి చీటీ మీద రాయాలి. పదహారేళ్ల పిల్లకు నోటిమాటగా "తగ్గు" అని చెప్పి పంపొద్దు.

4. రీఫీడింగ్ ప్రమాదంపై రాష్ట్ర స్థాయి ప్రొటోకాల్ ఇచ్చి, ప్రతి క్యాజువాలిటీ గోడ మీద అంటించండి. ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లకూ వర్తింపజేయండి. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ 2022లో ఇలాంటిది ఇచ్చింది. మన పరిస్థితులకు తగ్గట్టు మార్చుకోవడం మన ప్రొఫెసర్లకు కష్టమేమీ కాదు.

5. ప్రతి ప్రభుత్వ బోధనాసుపత్రిలో వారానికి ఒక రోజు సైకియాట్రీ, పీడియాట్రిక్స్ లేదా జనరల్ మెడిసిన్, డైటీషియన్ ఒకే గదిలో కూర్చునే క్లినిక్ పెట్టండి. కొత్త భవనం అడగడం లేదు. 1996 నుంచి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉంది, 2014 నుంచి రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద కౌమార క్లినిక్‌లు ఉన్నాయి. వాటికి ఈ పని కూడా అప్పగించండి.

6. ఎంబీబీఎస్ చివరి పరీక్షలో సైకియాట్రీ విడి సబ్జెక్టు కాదు, మెడిసిన్‌లో ఒక భాగం. అది మార్చడం మీ ఒక్కరి చేతిలో లేదని తెలుసు. వృత్తిలో ఉన్న డాక్టర్లకు తప్పనిసరి అయిన సీఎంఈ (నిరంతర వైద్య విద్య) శిక్షణల్లో ఈ జబ్బులను చేర్చడం మాత్రం రాష్ట్ర కౌన్సిళ్లు చేయగలవు. గైనకాలజిస్టులను, పళ్ల డాక్టర్లను, ఏఎన్ఎంలను వదిలేయొద్దు.

7. ఆరోగ్యశ్రీలో, ఎన్టీఆర్ వైద్య సేవలో ఈ జబ్బులకు పేరుపెట్టి, వారాల తరబడి సాగే వైద్యానికి సరిపోయేలా ప్యాకేజీ ప్రకటించండి. మానసిక జబ్బులకు శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. మా క్లెయిమును మాత్రం ఒక బీమా సంస్థ "డైటింగ్ వల్ల వచ్చింది" అని తిప్పి పంపింది.

8. ఇంటర్మీడియట్ బోర్డులకు: హాస్టళ్లలో టర్ముకొకసారి నర్సు చేత ఎత్తు, బరువు, పల్స్ చూయించండి. విడిగా, గోప్యంగా చూయించండి. క్లాసు ముందు బరువులు చదవొద్దు. మెస్‌లో వరుసగా భోజనానికి రాని పిల్లల సంగతి వారంలోపు ఇంటికి తెలియాలి. మేం ఫోన్ చేసినప్పుడల్లా వార్డెన్ "బాగానే తింటోందండీ" అనేది. 200 మంది పిల్లలకు తను ఒక్కతే, ఏం చూడగలదు?

ఈ లేఖ చదివే తల్లిదండ్రులకు ఒక్క మాట. ఇలాంటి అనుమానం ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్ల స్పృహ తప్పినా, ఆయాసపడినా, పాదాలు వాచినా ఫోన్లు పక్కనపెట్టి పెద్దాసుపత్రికి వెళ్లండి, వెళ్లాక తిండి సంగతి మీరే ముందు చెప్పండి.

అధికారులు ఈ ఎనిమిదింటిలో ఏవి చేయగలరో, ఏవి చేయలేరో, ఎందుకో నెల రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను. మా ఫైలు 212 పేజీలు. మొదటి చీటీ నుంచి ఆ హౌస్ సర్జన్ చేతిరాత దాకా అన్నీ తేదీల వారీగా అమర్చి ఉన్నాయి. పేర్లు కొట్టేసిన జిరాక్సు ప్రతి సిద్ధంగా ఉంది. ఏ మెడికల్ కాలేజీ అయినా విద్యార్థులకు పాఠంగా చెప్పాలనుకుంటే పట్టుకుని వస్తాను, బస్సు ఛార్జీలు కూడా అడగను. ప్రశ్నలకు జవాబు చెప్పడానికి అమ్మాయి కూడా వస్తానంది.

ఇట్లు,
ఒక తల్లి, లెక్కల టీచరు
గుంటూరు జిల్లా